టీవీ ట్యూనర్ కార్డు, లినక్స్ డ్రైవర్: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కేబుల్ ప్రాంతం

టీవీ ట్యూనర్ కార్డు అంటే కేబుల్ ద్వారా గానీ యాంటెన్నా ద్వారా గానీ వచ్చే టీవీ సంకేతాన్ని కంప్యూటర్ తెరమీద చూపించే పరికరం. మదర్‌బోర్డు మీది పీసీఐ స్లాటులో బిగించేది ఒక రకం. యూఎస్‌బీకి తగిలించేది రెండో రకం. మానిటర్‌కూ సీపీయూకూ నడుమ పెట్టే విడి పెట్టె మూడో రకం. ఈ పెట్టె నేరుగా మానిటర్‌కే బొమ్మ పంపుతుంది. కంప్యూటర్ ఆన్ చేయాల్సిన పని కూడా లేదు కాబట్టి దానికి డ్రైవర్ ఊసే ఉండదు. ఈ వ్యాసం మొదటి రెండు రకాల గురించి, అందులోనూ ఎక్కువగా పీసీఐ కార్డు గురించి.

విండోస్ వాడేవారికి కార్డుతో పాటు ఒక సీడీ వచ్చేది. దాన్ని వేసి నాలుగుసార్లు నొక్కితే పని అయిపోయేది. లినక్స్ వాడేవారికి ఆ సీడీలో ఏమీ ఉండేది కాదు. అందువల్ల 'లినక్స్‌కు డ్రైవర్ లేదు' అన్న మాట స్థిరపడిపోయింది. నిజానికి కేబుల్ అనలాగ్‌గా ఉన్న ఆ రోజుల్లో మన మార్కెట్లో దొరికిన చాలా కార్డులకు డ్రైవర్ లినక్స్ కెర్నెల్‌లో ముందే ఉంది. లేనిదల్లా, తన ముందున్నది ఏ కార్డో ఆ డ్రైవర్‌కు తెలిసే దారి. కార్డు మీది చిప్పు, రేకు డబ్బాలోని ట్యూనర్, మన దేశపు ప్రసార పద్ధతి అనే మూడు సంగతులు మనిషి తన కళ్లతో చూసి డ్రైవర్‌కు చెబితే చాలావరకు సమస్య తీరిపోతుంది.

మూడు పట్టణాలు, ఒక తీగ

సూర్యాపేట, కోదాడ హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నాయి. ఒకప్పుడు 9వ నంబరుగా ఉన్న ఈ రహదారి ఇప్పుడు 65. మిర్యాలగూడ దక్షిణాన, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది వరి పొలాలు, రైస్ మిల్లుల నడుమ, బీబీనగర్–నడికుడి రైలు మార్గం మీద ఉంది. మూడూ పాత నల్లగొండ జిల్లావే. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు సూర్యాపేట, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాలోకి వచ్చాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది.

హైదరాబాద్ నుంచి సూర్యాపేట సుమారు 135 కిలోమీటర్లు. కోదాడ ఇంకో నలభై పైచిలుకు. నగరపు టీవీ టవర్ సంకేతం అంత దూరం వచ్చి ఇంటి యాంటెన్నాకు నిలకడగా అందదు. 1995లో జెమిని, ఈటీవీ మొదలయ్యాక ఇలాంటి పట్టణాల్లో టీవీ అంటే కేబులే. జనం నోట 'డిష్ కనెక్షన్' అన్నా ఇంటికి వచ్చేది నల్లటి కోయాక్సియల్ తీగే. కేబుల్ ఆపరేటర్ పెద్ద డిష్‌లతో ఉపగ్రహ చానళ్లు పట్టి, ఒక్కోదాన్ని ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద ఎక్కించి, కరెంటు స్తంభాల మీదుగా ఇళ్లకు పంపేవాడు. ట్యూనర్ కార్డు అందుకోవాల్సింది ఈ సంకేతాన్నే.

ఆ సంకేతం పాల్ పద్ధతిది: సెకనుకు 25 ఫ్రేములు, 625 గీతలు, అందులో బొమ్మ కనిపించేవి 576. మన దేశంలో వీహెచ్‌ఎఫ్‌లో పాల్-బి, యూహెచ్‌ఎఫ్‌లో పాల్-జి. రెండింటిలోనూ బొమ్మ తరంగానికి 5.5 మెగాహెర్ట్జ్ పైన శబ్ద తరంగం ఉంటుంది. ఈ 5.5 అంకె ముందుముందు పనికొస్తుంది.

లినక్స్ ఈ పట్టణాలకు ఎక్కువగా పత్రికల వెంట వచ్చిన సీడీల రూపంలో చేరింది. పీసీక్వెస్ట్, లినక్స్ ఫర్ యూ లాంటి ఇంగ్లీషు పత్రికలు సీడీలు, డీవీడీలు జతచేసేవి. కంప్యూటర్ గురించి తెలుగులో చదవాలంటే నల్లమోతు శ్రీధర్ సంపాదకత్వంలో వచ్చిన 'కంప్యూటర్ ఎరా' ఉండేది. ఉబుంటు లినక్స్ వాళ్లు 2005 నుంచి 2011 దాకా అడిగినవారికి సీడీని పోస్టులో ఉచితంగా పంపారు. అది ఎంత మేలో లెక్క వేస్తే తెలుస్తుంది. 2005లో మొదలైన బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ 256 కిలోబిట్ల వేగం మీద 700 మెగాబైట్ల సీడీ దించుకోవడానికి ఆరు గంటల పైనే పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే. హైదరాబాద్‌లో పుట్టిన స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్ డిస్ట్రోను తయారుచేసింది. మెనూలు తెలుగులోకి వచ్చాయి గానీ హార్డ్‌వేర్ గొడవలు తీర్చే సమాచారం మాత్రం ఇంగ్లీషులోనే ఉండిపోయింది. ట్యూనర్ కార్డు దగ్గర మనవాళ్లు ఆగిపోవడానికి అది పెద్ద కారణమని నేననుకుంటాను.

కార్డు లోపల

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, ఊళ్లోని కంప్యూటర్ షాపులోనో కొన్న చవక పీసీఐ కార్డును చేతిలోకి తీసుకుంటే రెండు వస్తువులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఒకటి అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్ద రేకు డబ్బా. కేబుల్ వచ్చి తగిలేది దానికే. ఇది ట్యూనర్. వందలాది మెగాహెర్ట్జ్‌ల గుంపులోంచి ఒక్క చానల్‌ను ఏరి, దాన్ని ఒక స్థిరమైన మధ్యస్థ ఫ్రీక్వెన్సీకి దించడం దీని పని. రెండోది నల్లటి చదరపు చిప్పు. ట్యూనర్ ఇచ్చిన సంకేతాన్ని అంకెలుగా మార్చి పీసీఐ దారిలో మెమరీకి పంపేది ఇదే.

ఆ చిప్పు చాలా కార్డుల మీద మూడు కుటుంబాల్లో ఏదో ఒకదానిది. మొదటిది బ్రూక్‌ట్రీ సంస్థ బీటీ848, ఆ తర్వాతి బీటీ878. బ్రూక్‌ట్రీని రాక్‌వెల్ కొన్నది. రాక్‌వెల్ సెమీకండక్టర్ విభాగం 1999లో కోనెక్సాంట్‌గా విడిపోయింది. ఆ కోనెక్సాంట్ తెచ్చిన సీఎక్స్23880 వరుస రెండో కుటుంబం. మూడోది ఫిలిప్స్ ఎస్ఏఏ7130, 7133, 7134. ఫిలిప్స్ చిప్పుల విభాగం 2006లో ఎన్ఎక్స్‌పీ అయింది కాబట్టి తర్వాతి కార్డుల మీద ఆ పేరు కనిపిస్తుంది. పెట్టె మీద ఏ కంపెనీ పేరున్నా, ఏ సినిమా తార బొమ్మున్నా లినక్స్‌కు లెక్కలేదు. దానికి కావలసింది ఈ చిప్పు పేరు.

ఈ చిప్పులకు లినక్స్ డ్రైవర్లు రాసినవారు ఎక్కువగా జర్మనీ వాళ్లు. బీటీ848 డ్రైవర్‌ను రాల్ఫ్ మెట్‌జ్లర్, మార్కస్ మెట్‌జ్లర్ మొదలుపెట్టగా గెర్డ్ నోర్ ముందుకు తీసుకెళ్లాడు. ఫిలిప్స్ చిప్పుల డ్రైవర్ కూడా ఆయన రాసిందే. వీటన్నిటికీ ఉమ్మడి చట్రం వీడియో ఫర్ లినక్స్. దాని రెండో రూపం 2002లో కెర్నెల్‌లోకి వచ్చింది, మొదటి రూపాన్ని 2011లో 2.6.38 కెర్నెల్‌తో తీసేశారు. అంతవరకు ఆడిన పాత టీవీ ప్రోగ్రాములు కొన్ని ఆ ఏడాది కొత్త కెర్నెల్ మీద ఉన్నట్టుండి ఆగిపోవడానికి కారణం ఇదే.

తనెవరో చెప్పని కార్డు

పీసీఐ స్లాటులో పెట్టిన ప్రతి కార్డూ కంప్యూటర్‌కు రెండు జతల అంకెలు చెబుతుంది. మొదటి జత చిప్పుది. ఎల్ఎస్‌పీసీఐ అనే ఆదేశం ఇస్తే ఫిలిప్స్ చిప్పు దగ్గర 1131:7130 అనో 1131:7134 అనో కనిపిస్తుంది. 1131 ఫిలిప్స్ సంకేతం, రెండోది చిప్పు నంబరు. దీన్ని బట్టి సరైన డ్రైవర్ తనంతట తానే ఎక్కుతుంది. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

రెండో జత కార్డు తయారీదారుది. అదే చిప్పు చుట్టూ వేర్వేరు కంపెనీలు వేర్వేరు ట్యూనర్లు పెడతాయి, కేబుల్ సంకేతాన్ని చిప్పు కాళ్లలో వేర్వేరు చోట్ల కలుపుతాయి, శబ్దాన్ని ఆపే స్విచ్చి ఒక్కొక్కరు ఒక్కో కాలికి ఇస్తారు. ఏ కార్డులో ఏది ఎక్కడుందో డ్రైవర్‌కు తెలిసేది ఈ రెండో జత అంకెల వల్లనే. వాటిని దాచిపెట్టేందుకు కార్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న మెమరీ చిప్పు ఉండాలి. హాపాగ్ లాంటి కంపెనీల కార్డుల్లో అది ఉంటుంది. అందులో ట్యూనర్ రకం కూడా రాసి ఉంటుంది కాబట్టి ఆ కార్డులు లినక్స్‌లో పెట్టిన వెంటనే పలుకుతాయి. చవక కార్డుల్లో ఆ చిప్పు వేయరు. దాని ధర చాలా తక్కువే, కానీ లక్షల కార్డుల మీద అది తయారీదారుకు మిగులు. ఆ మిగులుకు మూల్యం చెల్లించేది మాత్రం కార్డు కొన్నవాడు, ఒక సాయంత్రమో ఒక వారమో పోగొట్టుకుని. గెర్డ్ నోర్‌కు ఇది ఎంత కష్టం కలిగించిందంటే, అలాంటి కార్డు ఎదురైనప్పుడు తయారీదారు కొన్ని సెంట్లు ఆదా చేసుకున్నాడని తన కోపాన్ని డ్రైవర్ సందేశంలోనే రాసి, ఆ కిందనే ఏం చేయాలో ఓపికగా చెప్పాడు.

కెర్నెల్ సందేశాల పట్టీ తెరిస్తే అలాంటి కార్డు ఇలా బయటపడుతుంది. సబ్‌సిస్టమ్ అన్నచోట 1131 పక్కన నాలుగు సున్నాలు, బోర్డు అన్నచోట 'తెలియదు' అని, కార్డు నంబరు 0. ఈ ఒక్క వరుస కనబడితే మిగతా వెతుకులాట ఆపేయవచ్చు. డ్రైవర్ ఎక్కింది. కార్డెవరో దానికి తెలియలేదు. నంబరు మనం ఇవ్వాలి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. కెర్నెల్ పత్రాల్లో ఫిలిప్స్ చిప్పు కార్డుల జాబితా వందకు పైగా ఉంటుంది. ఒకటి నుంచి చివరిదాకా ఒక్కొక్క నంబరే వేసి చూసేలా చిన్న ప్రోగ్రాం రాసి వదిలేస్తారు. అది మంచి పద్ధతి కాదు. తప్పు నంబరు ఇస్తే డ్రైవర్ చిప్పు కాళ్లను ఆ వేరే కార్డుకు తగ్గట్టు నడిపిస్తుంది, దానివల్ల కార్డు దెబ్బతినే ప్రమాదం ఉందని డ్రైవరే హెచ్చరిస్తుంది. ముందు స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి. కార్డు బయటికి తీసి, రేకు డబ్బా మీది చీటీ చదవాలి. దుమ్ము పట్టి ఉంటే మెత్తని గుడ్డతో తుడిచి, టార్చి పక్కనుంచి వేస్తే అక్షరాలు తేలతాయి.

చీటీ మీద ఎఫ్ఐ1216 అని ఉంటే అది ఫిలిప్స్ పాల్ ట్యూనర్, లినక్స్ జాబితాలో దాని నంబరు 5. ఎఫ్ఎమ్1216ఎమ్ఈ మూడో రకమైతే 38. టీనా కంపెనీ టీఎన్ఎఫ్5335 అయితే 69. రేకు డబ్బానే లేక, టీడీఏ8290, టీడీఏ8275 అన్న చిన్న చిప్పులు కనిపిస్తే 54. ఎక్స్‌సీ3028 అయితే 71. ఇక ఎఫ్ఐ1236 అని ఉంటే నిరాశే. అది అమెరికా పద్ధతికి చేసిన ట్యూనర్, నంబరు 2. మన కేబుల్‌కు సరిపడదు.

ట్యూనర్ నంబరు తప్పుగా ఇస్తే కనిపించే లక్షణం విచిత్రంగా ఉంటుంది, కానీ దాని వెనక లెక్క సూటిగానే ఉంది. పాల్ ట్యూనర్ చానల్‌ను 38.9 మెగాహెర్ట్జ్‌కు దించుతుంది, అమెరికా ట్యూనర్ 45.75కు. రెంటికీ తేడా 6.85. మన వీహెచ్‌ఎఫ్ చానళ్ల నడుమ దూరం 7. అంటే పాల్ డబ్బా ఉన్న కార్డుకు 5 బదులు 2 ఇస్తే ట్యూనర్ దాదాపు ఒక చానల్ పైకి జరిగి కూర్చుంటుంది. ఒక చానల్ అడిగితే దాని పై చానల్ కాస్త మసకగా వస్తుంది. ఈ లక్షణం కనబడితే కేబుల్ ఆయన్ని పిలవనక్కర్లేదు. నంబరు మారిస్తే చాలు.

కార్డు నంబరుకు కూడా ఇదే పద్ధతి. బోర్డు అంచున ముద్రించిన మోడల్ పేరు, చిప్పు, ట్యూనర్ మూడూ కలిసే వరుసను జాబితాలో వెతకాలి. ఫ్లైవీడియో 2000 తరహా కార్డులకు 3, ఫ్లైవీడియో 3000కు 2, కేవరల్డ్ 7130 కార్డుకు 10. పేరు లేని కార్డులు చాలా వీటిలో ఏదో ఒకదాని నమూనా చూసి చేసినవే అయి ఉంటాయి. నంబరు దొరికాక టీవీ ప్రోగ్రాములన్నీ మూసి, డ్రైవర్ మాడ్యూలును దించి, కార్డు, ట్యూనర్ నంబర్లతో మళ్లీ ఎక్కించాలి. సందేశాల్లో ట్యూనర్ చిప్పు 0ఎక్స్‌సీ2 దగ్గర దొరికిందని గానీ దానికి దగ్గరి చిరునామాతో గానీ వరుస వస్తే డ్రైవర్‌కూ డబ్బాకూ మాట కలిసినట్టే. ఆ రెండు అంకెలను మోడ్‌ప్రోబ్ అమరికల ఫైల్లో ఒక వరుసగా రాసి ఉంచితే కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసినా అలాగే ఉంటుంది.

బొమ్మ ఉంది, చానళ్లు లేవు

టీవీటైమ్, ఎక్స్‌ఏడబ్ల్యూటీవీ అప్పట్లో ఎక్కువగా వాడిన ప్రోగ్రాములు. టీవీటైమ్ బిల్లీ బిగ్స్ రాసింది. ఒకటి విడిచి ఒకటి వచ్చే టీవీ గీతలను కలిపి శుభ్రమైన బొమ్మగా చూపించడంలో దానికి పేరు. అయితే అది పుట్టుకతోనే అమెరికా అమరికలతో వస్తుంది: పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, చానళ్ల పట్టీ అమెరికా కేబుల్. పద్ధతిని పాల్‌కు మార్చడం చాలామందికి తడుతుంది, ఎందుకంటే బొమ్మ నలుపు తెలుపులో దొర్లుతూ కనిపిస్తుంది. చానళ్ల పట్టీ మార్చాలని మాత్రం తట్టదు.

అప్పుడు జరిగేది ఇది. అమెరికా చానళ్లు 6 మెగాహెర్ట్జ్ ఎడంలో, మనవి వీహెచ్‌ఎఫ్‌లో 7 మెగాహెర్ట్జ్ ఎడంలో ఉంటాయి. అయినా రెండు పట్టీలూ కొన్నిచోట్ల కలుస్తాయి. అమెరికా 2వ చానల్, మనం వాడే ఐరోపా పట్టీలోని ఈ3 రెండూ 55.25 మీదే ఉన్నాయి. అమెరికా 7, ఐరోపా ఈ5 రెండూ 175.25. అమెరికా కేబుల్ 23, ఐరోపా ఈ11 రెండూ 217.25. కాబట్టి పట్టీ తప్పైనా కొన్ని చానళ్లు చక్కగా వస్తాయి, మిగతావన్నీ చుక్కలే. చూసేవాడు కార్డు బాగుందనీ కేబులే బాగాలేదనీ అనుకుంటాడు. పక్క గదిలో టీవీకి అదే తీగ తగిలిస్తే అన్ని చానళ్లూ వస్తాయి. ఇక అనుమానం డ్రైవర్ మీదికి మళ్లుతుంది. తప్పు ఇద్దరిదీ కాదు.

ఐరోపా పట్టీ పెడితే ఈ2 48.25 దగ్గర మొదలవుతుంది. ఎస్1 105.25, ఎస్20 294.25, ఆ పైన ఎస్21 303.25 నుంచి ఎస్41 463.25 దాకా 8 మెగాహెర్ట్జ్ ఎడంలో, ఆ తర్వాత యూహెచ్‌ఎఫ్. మన కేబుల్ ఆపరేటర్లు వాడిన ఎస్ బ్యాండ్, హైపర్ బ్యాండ్ చానళ్లన్నీ ఇందులోనే ఉన్నాయి. జాబితాలో భారత్ అన్న పేరు కనిపించక తికమకపడేవారికి చెప్పవలసిన మాట ఒక్కటే: ఐరోపా ఎంచుకోండి.

శబ్దం

బొమ్మ వచ్చాక మిగిలే పెద్ద చిక్కు శబ్దం. దీని మూలం చిప్పు నంబరులోనే ఉంది. 7133, 7134 చిప్పులు శబ్దాన్ని కూడా అంకెలుగా మార్చి పీసీఐ దారిలోనే పంపగలవు. 7130కి ఆ శక్తి లేదు. అది శబ్దాన్ని కార్డు వెనక ఉన్న గుండ్రటి రంధ్రంలోంచి గానీ, బోర్డు మీది నాలుగు పిన్నుల చోటు నుంచి గానీ మామూలు తీగ మీద బయటికి పంపుతుంది. ఆ తీగను సౌండ్ కార్డు లైన్-ఇన్‌కు కలపాలి. కార్డుతో పాటు పెట్టెలో వచ్చే జానెడు తీగ అందుకే. విండోస్ కోసమనుకుని దాన్ని పారేసినవాళ్లు ఉన్నారు.

తీగ కలిపినా నిశ్శబ్దమే అయితే ఆల్సామిక్సర్ అనే ప్రోగ్రాం తెరవాలి. లైన్ అన్న నిలువు పట్టీ కింద రెండు ఎమ్‌లు కనిపిస్తే అది మూసి ఉన్నట్టు. ఎమ్ మీట నొక్కితే అవి రెండు ఓలుగా మారతాయి, శబ్దం వస్తుంది. చాలా డిస్ట్రోల్లో లైన్-ఇన్ మొదట మూసే ఉండేది.

7134 చిప్పుది ఇంకో కథ. అక్కడ శబ్దం ఒక కొత్త సౌండ్ కార్డులాగా లినక్స్‌కు కనిపిస్తుంది. దాన్ని చదివి స్పీకర్‌కు చేర్చేవాళ్లు ఎవరో ఉండాలి. టీవీటైమ్ ఆ పని చేయదు. అది మిక్సర్ తిప్పడం వరకే చేస్తుంది. కాబట్టి పక్కన ఒక టెర్మినల్ తెరిచి, రికార్డు చేసే ప్రోగ్రాం నుంచి వాయించే ప్రోగ్రాంకు గొట్టం కలిపినట్టు రెండు ఆదేశాలను జతచేయాలి. ఎమ్‌ప్లేయర్ అనే ప్రోగ్రాం అయితే రెండు పనులూ తనే చేసుకుంటుంది.

శబ్దం బదులు ఎడతెగని గరగర వస్తుంటే అప్పుడు 5.5ను గుర్తు చేసుకోవాలి. బ్రిటన్ వాడిన పాల్-ఐలో శబ్దం 6.0 దగ్గర, చైనా పాల్-డీలో 6.5 దగ్గర ఉంటుంది. ప్రోగ్రాంలో పాల్ అని మాత్రమే కాక పాల్-బీజీ అని విడిగా ఎంచుకుంటే గరగర పోతుంది. అది చేసినా మాట రాకపోతే కార్డు నంబరు దగ్గరికే తిరిగి వెళ్లాలి. శబ్దం ఆపే స్విచ్చి తప్పు కాలి మీద ఉందని డ్రైవర్ అనుకుంటూ ఉండవచ్చు.

ఫర్మ్‌వేర్, కెర్నెల్

యూఎస్‌బీ ట్యూనర్లలో, తర్వాతి పీసీఐ కార్డుల్లో రేకు డబ్బా పోయి ఎక్స్‌సీవ్ కంపెనీ చిప్పులు వచ్చాయి. ఎక్స్‌సీ3028కు తనలో బుద్ధి ఉండదు. కరెంటు వచ్చిన ప్రతిసారీ బయటినుంచి ఫర్మ్‌వేర్, అంటే చిప్పును నడిపే ప్రోగ్రాం, ఎక్కించాలి. లైసెన్సు అనుమతి లేక డిస్ట్రోలు ఆ ఫైలును తమతో ఇవ్వలేకపోయాయి. అందువల్ల డ్రైవర్ ఎక్కి, చిప్పు దొరికి, ఫర్మ్‌వేర్ ఫైలు లేదన్న సందేశం దగ్గర అంతా ఆగిపోతుంది. దీనికి టీవీ డ్రైవర్లు రాసే లినక్స్‌టీవీ వాళ్లు ఒక చిన్న స్క్రిప్టు రాసి కెర్నెల్ మూలంలోనే పెట్టారు. విండోస్ డ్రైవర్ ఫైలును దానికి చూపిస్తే అందులోంచి ఫర్మ్‌వేర్ భాగాన్ని ఏరి విడిగా రాస్తుంది. ఆ ఫైలును ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో పెట్టి, యూఎస్‌బీ తీసి మళ్లీ పెడితే చాలు.

ఇంకో రకం ఇబ్బంది లినక్స్‌టీవీ నుంచి కొత్త డ్రైవర్లు దించుకుని సొంతంగా కంపైల్ చేసేవారికి వస్తుంది. పాత మాడ్యూళ్లు కొన్ని, కొత్తవి కొన్ని కలిసిపోతే, గుర్తుల వెర్షన్ కలవడం లేదని కెర్నెల్ మొండికేస్తుంది. కెర్నెల్ అప్‌డేట్ అయిన మర్నాడే ఇలా అవుతుంది. కొత్త కెర్నెల్ హెడర్లు పెట్టుకుని మొత్తం మళ్లీ కంపైల్ చేయడం తప్ప దగ్గరి దారి లేదు.

డ్రైవర్‌కు సంబంధం లేనివి

కార్డు కనిపించకపోవడానికీ, బొమ్మ మధ్యమధ్య బిగుసుకుపోవడానికీ ఒక్కోసారి కారణం స్లాటే. కార్డును పక్క పీసీఐ స్లాటులోకి మార్చితే వేరే ఇంటరప్ట్ దొరికి సర్దుకుంటుంది. పాత వియా చిప్‌సెట్ బోర్డుల మీద బీటీ878 కార్డులు తిప్పలు పెట్టేవి. ఆ డ్రైవర్‌కు వాటికోసమే ప్రత్యేక ఆప్షన్లున్నాయి.

తీగ విషయం ఇంకా ముఖ్యం. ఒక తీగను రెండుగా చీల్చే స్ప్లిటర్ ఒక్కో వైపు సుమారు 3.5 డెసిబెల్ తినేస్తుంది. హాల్లో టీవీకి, లోపలి గదిలో కంప్యూటర్‌కు, పై పోర్షన్‌కు వరసగా చీల్చుకుంటూ పోతే చివరి కార్డుకు మిగిలేది చుక్కలే. మోటార్లు ఆన్ అయినప్పుడు బొమ్మ మీద అడ్డ గీతలు పడుతుంటే సరిగా బిగించని కనెక్టరును అనుమానించాలి. మిర్యాలగూడ లాంటి మిల్లుల ఊళ్లో ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

అన్నిటికన్నా ముందు చెప్పవలసింది ప్రాణం సంగతి. కేబుల్ స్తంభాల మీద వచ్చేది, దారిలోని ఆంప్లిఫయర్లకు కరెంటు ఆ తీగ మీదే పోతుంది. దాని పై అల్లిక వోల్టేజీ, మన క్యాబినెట్ ఎర్తు ఒకటి కాకపోతే కనెక్టరు పట్టుకున్న వేళ్లకు జివ్వుమంటుంది. ఎర్తు సరిగా లేని ఇంట్లో ముందు ప్లగ్గు తీసి, ఆ తర్వాతే కేబుల్ ముట్టుకోవాలి. ఉరుములు మొదలైతే కేబుల్‌ను కార్డు నుంచి పీకేయాలి. ఆ తీగ వెంట వచ్చే పిడుగు కార్డుతో ఆగదు, మదర్‌బోర్డును కూడా తీసుకుపోతుంది.

డిజిటల్ తర్వాత

2011 సవరణ చట్టంతో కేబుల్‌ను విడతల వారీగా డిజిటల్ చేశారు. హైదరాబాద్, విశాఖపట్నం రెండో విడతలో, 2013 మార్చి 31 గడువుతో. మిగిలిన పట్టణాలకు మూడో విడత, గడువు 2015 డిసెంబరు 31. పల్లెలతో కలిపి చివరి విడత గడువు 2017 మార్చి 31. డిజిటల్ కేబుల్‌లో చానళ్లు తాళం వేసి వస్తాయి, ఆపరేటర్ ఇచ్చిన సెట్‌టాప్ బాక్సులోని తాళంచెవి తప్ప మరొకటి పనికిరాదు. ఏ లినక్స్ డ్రైవరూ దీన్ని మార్చలేదు. దూరదర్శన్ కూడా ముఖ్యమైన కొద్ది చోట్ల తప్ప తన అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చి నాటికి ఆపేయాలని నిర్ణయించింది. దాంతో రేకు డబ్బాకు ఏరడానికి ఏమీ మిగలలేదు.

ఈ మార్పు తెలియక ఆర్‌టీఎల్2832యూ చిప్పున్న చవక యూఎస్‌బీ ట్యూనర్లు కొని, చానల్ ఒక్కటీ రావడం లేదని లినక్స్‌ను నిందించినవారున్నారు. ఆ చిప్పు ఐరోపా వాడిన డీవీబీ-టీ ప్రసారానికి చేసింది. మన పట్టణాల్లో ఆ ప్రసారమే లేదు. అయితే 2012లో దానిలో దాగిన ఇంకో గుణం బయటపడింది. అది పచ్చి రేడియో సంకేతాన్ని నేరుగా కంప్యూటర్‌కు ఇవ్వగలదు. అలా వాడాలంటే మాత్రం టీవీ డ్రైవర్ ఎక్కకుండా ఆపాలి, లేకపోతే అది పరికరాన్ని పట్టుకుని వదలదు.

లినక్స్ మీద నేరుగా టీవీ చూడాలనుకునే సూర్యాపేట వాసికి ఇవాళ మిగిలిన తిన్నని దారి డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్‌గా మొదలైన ఈ సేవ 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి వస్తుంది. అందులో నెల చందా లేకుండా, తాళం లేకుండా వచ్చే చానళ్లున్నాయి. డీవీబీ-ఎస్ కార్డు, చిన్న డిష్ ఉంటే లినక్స్ వాటిని అందుకుంటుంది.

పాత పీసీఐ కార్డుకు ఇంకా ఒక పని ఉంది, నా దృష్టిలో అదే అన్నిటికన్నా విలువైనది. చాలా కార్డుల వెనక ట్యూనర్‌తో సంబంధం లేని పసుపుపచ్చ వీడియో రంధ్రం ఉంటుంది. దానికి వీసీఆర్ కలిపితే వీహెచ్ఎస్ క్యాసెట్‌లోని బొమ్మ 720 బై 576 కొలతలో నేరుగా కంప్యూటర్‌లోకి వస్తుంది. శబ్దాన్ని వీసీఆర్ నుంచి సౌండ్ కార్డు లైన్-ఇన్‌కు ఇస్తే సరి. కార్డు నంబరు సరైనదైతే చాలు, ట్యూనర్ నంబరు ఏదైనా ఫరవాలేదు. 1990ల పెళ్లి వీడియోలు, గృహప్రవేశాలు, ఇప్పుడు లేని పెద్దవాళ్ల గొంతులు ఆ క్యాసెట్లలోనే ఉన్నాయి. టేపు మీది పూత ఏడాదికేడాది రాలిపోతోంది, పీసీఐ స్లాటున్న మదర్‌బోర్డులు కూడా తగ్గిపోతున్నాయి. అటక మీద అలాంటి కార్డు, పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు వాటిని తూకానికి అమ్మేముందు క్యాసెట్లను ఒక్కసారి ఎక్కించుకోండి. చేసినప్పుడు పనిచేసిన కార్డు నంబరును క్యాబినెట్ లోపలి వైపు ఒక చీటీ మీద తెలుగులో రాసి అంటించండి.